చుక్క ఏడు

పోయినవారం పళ్ల నర్సును నీళ్ల ప్లాంటు గేటు దగ్గర నిలబెట్టి వచ్చేశాం. ఆమె చేతిసంచిలో మూడు కాగితాలున్నాయి. ఒకటి, బడిపిల్లల నోళ్లు చూసి తను తయారుచేసిన పట్టిక. ఒకే ఇంట్లో ఒకే తిండి తిని పెరిగిన పిల్లల్లో అక్కలకూ అన్నలకూ ఒకటీ అరా పుచ్చుపళ్లుంటే, తొమ్మిదేళ్లలోపు తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అయిదేసి, ఆరేసి ఉన్నాయి. రెండోది, బడి కుళాయి నుంచీ ఆసుపత్రి కుళాయి నుంచీ తన ఇంటి కుళాయి నుంచీ పట్టి పంపిన నీళ్లకు బయటి ల్యాబు ఇచ్చిన జవాబు. మూడు సీసాల్లోనూ ఫ్లోరైడ్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములే ఉంది. ఉండాల్సింది 0.7. మూడోది, తన కొడుకు బుజ్జిగాడి పళ్ల పరీక్షకు అనుమతి ఫారం. దాన్ని పొద్దున భర్త నింపి ఇచ్చాడు. ఆమె హడావిడిలో చూడకుండానే సంచిలో పడేసింది.

సాయంత్రం అయిదింటికి రిపోర్టు ఆరోగ్యాధికారి చేతిలో పెట్టాలి. "పిల్లలన్నాక చాక్లెట్లు తింటారు, పళ్లు పుచ్చుతాయి. ఆ నీళ్ల గోల నీకెందుకు?" అని నీళ్ల శాఖలోనే పైపుల మేస్త్రిగా ఉన్న ఆమె భర్త వారం నుంచి నస పెడుతూనే ఉన్నాడు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ కలిపేది వేరే ఎవరో కాదు, ఆమె అత్తగారే. ముప్ఫై ఒక్క ఏళ్ల నుంచి అదే పని. వచ్చే శుక్రవారం రిటైర్మెంటు.

వాచ్‌మన్ ఆమెను చూసి కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు.

"ఏంటి తల్లీ, ఇలా వచ్చావు? మాకు కూడా పగలే చుక్కలు చూపిస్తావా?"

పళ్లు పీకేవాళ్ల మీద ఊరంతా వేసే జోకే అది. ఎప్పుడూ ఆమె కూడా నవ్వేది. ఈసారి, "అత్తయ్య ఉన్నారా?" అని మాత్రం అడిగింది.

"నీళ్లత్త ఎక్కడికి పోతుంది? శుక్రవారం దాటితే ఆ గదికే దిగులు పట్టుకుంటుంది చూడు. ఈ పుస్తకంలో నీ పేరూ టైమూ నువ్వే రాసుకో. నాకు అక్షరం ముక్క రాదని తెలుసుగా."

ఆమె రాసింది. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

మందు గది ప్లాంటులో చిట్టచివర ఉంటుంది. ఇసుక తొట్లు దాటి, క్లోరిన్ గది దాటి, మలుపు తిరగాలి. అక్కడ నీళ్లు కనిపించవు, గోడ వెనక వినిపిస్తాయంతే. గదిలో ఓ మూల ప్లాస్టిక్ తొట్టి, దాని పక్కన కుట్టుమిషనంత నీలం పంపు. పొడి కలిపిన నీళ్లు తొట్టిలో ఉంటే, ఆ పంపు వాటిని చుక్క చుక్కగా పెద్ద గొట్టంలోకి తోస్తుంది. ఆ గొట్టం ఊరి నోట్లోకి.

అత్తగారు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని సన్నటి బ్రష్షుతో గాజు గొట్టాలు తోముతోంది. ఒక్కోదాన్ని వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, గుడ్డ మీద బోర్లిస్తోంది.

"రావే అమ్మాయ్. నా పళ్లు లెక్కపెట్టడానికొచ్చావా? పైన నాలుగు, కింద ఆరు. మిగతావి నాకంటే ముందే రిటైరయ్యాయి."

కోడలు నవ్వలేదు.

"అదేంటే, మొహం అలా వేలాడేశావు? వాడేమన్నా అన్నాడా? సాయంత్రం రానీ, చెబుతాను వాడి సంగతి."

గదిలోకి అడుగుపెట్టినప్పటి నుంచీ ఏదో తక్కువైనట్టుంది నర్సుకు. కాసేపటికి అర్థమైంది. తక్కువైంది చప్పుడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆ నీలం పంపు గడియారంలా టిక్కు టిక్కుమంటూ ఉండేది. "ఇది ఆగితే నా గుండె ఆగినట్టే" అని అత్తగారు నవ్వింది కూడా.

"పంపు తిరగట్లేదేం అత్తయ్యా?"

"ఇందాకే ఆపాను. వేడెక్కింది."

నర్సు వెళ్లి పంపు మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. చెయ్యి తీస్తే నీలం రంగు మీద అయిదు వేళ్లూ అచ్చు పడ్డాయి. అంత దుమ్ము. వంగి తొట్టి మూత ఎత్తింది.

"అత్తయ్యా, తొట్టిలో సాలెగూడుంది."

బ్రష్షు చప్పుడు ఆగిపోయింది.

ఇక్కడికి వచ్చేటప్పుడు దారి పొడుగునా నర్సు తనకు తాను ఎన్నో సర్దిచెప్పుకుంది. పంపు పాడై ఉంటుంది, పొడి నాసిరకం వచ్చి ఉంటుంది, గొట్టం ఎక్కడో పూడిపోయి ఉంటుంది. అత్తయ్యకు తెలిసి ఉండదు. తెలిస్తే ఊరుకునే మనిషా! వంటింట్లో ఉప్పు కూడా గరిటెతో కాకుండా చెంచాతో కొలిచి వేసే మనిషి. ఇప్పుడా సాలెగూడు ముందు ఆ సర్దుబాట్లేవీ నిలబడలేదు.

బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. తారీఖు, టైము, మోతాదు, సంతకం. ఆ రోజు వరుసలో పొద్దున ఎనిమిది గంటలకు .7 అని గుండ్రటి అక్షరాలతో ఉంది. నిన్న .7. మొన్న .7. ప్లాంటులో అందరూ దాన్ని 'చుక్క ఏడు' అంటారు. చుక్కకు ముందు సున్నా రాసే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

"పొద్దున చుక్క ఏడని రాశారు. ఎవర్ని అడిగి రాశారు, ఆ సాలెపురుగునా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తగారిని పల్లెత్తు మాట అనని కోడలు. ఆ మాట నోట్లోంచి వచ్చాక తనే ఉలిక్కిపడింది. అత్తగారు మాత్రం ఉలకలేదు. కోడలు సంచిలోంచి తీసిచ్చిన ల్యాబు కాగితం అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, చివరిదాకా చదివి, మడతల మీదే మళ్లీ మడిచి ఇచ్చేసింది.

"సరిగ్గానే చెప్పారు," అంది. "ఇక్కడ గాజు గొట్టంలో నీళ్లు పరీక్షించినా రంగు రోజూ చుక్క రెండే చూపిస్తుంది. నేలలోంచి వచ్చేది అంతే."

"నెలకో బస్తా పొడి వస్తుంది కదా. ఆ బస్తాలేవి?"

అత్తగారు మెడలో తాడుకున్న తాళంచెవి తీసింది. వెనక గది తలుపు తెరుచుకోగానే నర్సు గడప మీదే ఆగిపోయింది.

బస్తాలు. నేల నుంచి పైకప్పు దాకా వరుసలు వరుసలు. ఒక్కదాని కుట్టు కూడా విప్పలేదు. కింది వరుసల్లోవి తేమకు రాళ్లలా గట్టిపడి, గోనె కింద నుంచి మూలలు పొడుచుకొస్తున్నాయి. ప్రతిదాని మీదా నెల, ఏడాది ముద్ర. నర్సు వేలు పెట్టి వెనక్కి చదువుకుంటూ వెళ్లింది. నాలుగేళ్లు. ఆరేళ్లు. ఎనిమిది. గోడవార అన్నింటికన్నా అడుగున ఉన్నదాని దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

"తొమ్మిదేళ్లు," అంది. ఆ మాట తనకే వినిపించలేదు.

ఆ బస్తాలన్నీ ఒక్కసారి నోళ్లు తెరిచినట్టయింది. ఒక దవడతోనే నమిలే రెండో తరగతి పిల్లాడు. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల. చెంప వాచి పరీక్ష రాయలేకపోయిన ఇంకో పిల్ల. అందరికంటే ముందు తన బుజ్జిగాడు. పోయిన నెల వాడి దవడ పన్ను తన చేత్తోనే పీకింది. "అమ్మా నువ్వొద్దు, ఇంకెవరైనా" అని వాడు ఏడ్చాడు. నానమ్మ గుమ్మం బయట నిలబడి వాడికంటే ఎక్కువ ఏడ్చింది. మనవడి నొప్పి చూడలేకపోతోంది కాబోలనుకుంది నర్సు.

"ఎందుకు?" అంది లేచి. "మీకు బద్ధకం లేదు. ఒక్క బస్తా అమ్ముకోలేదు. మరెందుకు అత్తయ్యా?"

"విషం కదే."

"ఎవరు చెప్పారు?"

"పేపర్లో చదివాను. బొమ్మలు కూడా వేశారు. కాళ్లు వంకరపోయినవాళ్లూ, నడుం ఎత్తలేనివాళ్లూ. నీళ్లలో అది ఎక్కువై అట."

"ఎక్కువై! ఏళ్ల తరబడి ఎక్కువ తాగితే! మీరు కలపాల్సింది లీటరుకు చిటికెడు కూడా కాదు. పన్నంటే రాయి అనుకుంటారా? తిన్నప్పుడల్లా పైపైన కాస్త కరుగుతుంది. నోట్లో ఊరే నీరు ఆ కరిగినదాన్ని మళ్లీ కాస్త అతుకుతుంది. ఆ అతుకు గట్టిగా పడాలంటే ఈ పొడి లేశమంత నోట్లో ఉండాలి, రోజూ ఉండాలి. అది లేకపోతే ముందు పన్ను మీద సున్నపు చుక్క లేస్తుంది, తర్వాత అది నల్లబడి గుంట పడుతుంది. ఈ సంగతి నాకు నేర్పిందే మీరు! నర్సు చదువుకు ఇంటి నుంచి పంపుతూ 'మనిద్దరిదీ ఒకటే పని, నేను గొట్టం ఈ చివర, నువ్వు ఆ చివర' అన్నది మీరు!"

"అన్నాను."

"మరి?"

అత్తగారు బస్తాల గదికి తాళం వేసింది. ఒకసారి లాగి చూసింది. మళ్లీ లాగి చూసింది.

"చెబితే నువ్వు ఇంకెప్పుడూ నన్ను అత్తయ్యా అని పిలవవు."

"చెప్పండి."

"పాపాయి..."

నర్సు చెయ్యి తలుపు చెక్కను పట్టుకుంది. తొమ్మిదేళ్లయింది ఆ మాట ఆ ఇంట్లో ఎవరి నోటా వినిపించి. బుజ్జిగాడి కంటే ముందు పుట్టి, నలభై రోజులు ఉండి, వెళ్లిపోయిన బిడ్డ. ఉయ్యాల విప్పి అటక మీద పెట్టారు. పేరు కూడా పెట్టకముందే వెళ్లిపోయింది కాబట్టి, తలుచుకోవడానికి కూడా ఆ ఒక్క మాటే మిగిలింది.

"నీకు పాలు పడలేదు," అంది అత్తగారు, నేల వంక చూస్తూ. "డబ్బా పాలు నేను కలిపేదాన్ని. ఈ కుళాయి నీళ్లతోనే. పాపాయి పోయిన మూడో రోజు డ్యూటీకి వచ్చాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. కెమిస్టుగారు వారం వారం నీళ్లు పరీక్షించి రాసే చీటీలు బల్ల మీద నెల రోజులవి పేరుకున్నాయి. అన్నిటికీ పంచింగ్ మిషనుతో కన్నం కొట్టి ఫైలుకు గుచ్చాను. గుచ్చి, ఒక్కోటీ చదువుతున్నాను. పాపాయి పోయిన వారం చీటీలో..."

వేలితో గాల్లో ఒక అంకె గీసింది.

"ఏడు, అని ఉంది. చుక్క లేదు. ఏడు."

గోడ వెనక నీళ్లు పోతున్న చప్పుడు వినిపించింది.

"ఉండాల్సినదానికి పదింతలు. అది కలిపింది నేను. ఆ నీళ్లతో పాలు కలిపింది నేను. బిడ్డ నోట్లో పెట్టింది నేను. పంపు అప్పుడే ఆపేశాను. కెమిస్టుగారిని అడుగుదామని పరుగెత్తాను. ఆయన బల్ల ఖాళీగా ఉంది. ముందురోజే బదిలీ మీద వెళ్లిపోయాడట. ఆ కుర్చీలోకి మళ్లీ ఎవరూ రాలేదు. పరీక్ష గొట్టాలు నా చేతికిచ్చి నువ్వే చూసుకోమన్నారు. ఉత్తరం రాయొచ్చు ఆయనకు. రాయలేదు. అడిగితే నిజమని చెబుతాడేమోనని భయం. ఆ తర్వాత ఎన్నిసార్లు పంపు తిప్పుదామనుకున్నా నా చెయ్యి వెళ్లలేదే. స్విచ్చి మీద వేలు పెడితే చాలు, పాలసీసా కనిపించేది."

నర్సుకు చాలా సంగతులు ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. బుజ్జిగాడు పుట్టినప్పుడు అత్తగారు పాలడబ్బా వైపు చెయ్యి చాపలేదు. "నీ బిడ్డకు నువ్వే కలుపుకోవమ్మా" అనేది. పచ్చి బాలింత వంటింట్లో ఊగిపోతూ పాలు కలుపుతుంటే గుమ్మంలో నిలబడి చూసేది తప్ప లోపలికి వచ్చేది కాదు. ఆ ముల్లు ఏడేళ్లుగా కోడలి గుండెలో ఉంది. ఈవిడకు మనవడంటే ప్రేమ లేదనుకుంది. ప్రేమ లేక కాదు. తన చేతినే తను నమ్మలేదు.

"అత్తయ్యా, పాపాయికి పుట్టుకతోనే గుండె బాగాలేదు. డాక్టరు స్పష్టంగా చెప్పారు. లీటరుకు ఏడు ఉన్నా కూడా నెలన్నరలో అది బిడ్డను చంపదు. ఎవర్నైనా అడగండి."

"అలాగే అంటారులే డాక్టర్లు."

ఇది మాటలతో తెగేది కాదు. "ఆ చీటీ చూపించండి," అంది నర్సు.

పాత ఫైళ్ల బీరువాలో అది ఎక్కడుందో అత్తగారు వెతకలేదు. చెయ్యి తిన్నగా దాని మీదికే వెళ్లింది. అట్ట చినిగి, దారం నల్లబడిన ఫైలు. సన్నటి చీటీలు. కాగితం వృథా కాకూడదని కాబోలు, కెమిస్టుగారు అంచు నుంచే అంకెలు మొదలుపెట్టేవాడు. మధ్యలో ఒక చీటీ మాత్రం చేతి చెమటకు మెత్తబడి గుడ్డలా ఉంది. ఎన్నిసార్లు తీసి చూసిందో!

7.

చుక్క లేదు. ఒక్క క్షణం నర్సు కూడా నమ్మింది. డాక్టరు అబద్ధం చెప్పాడేమో, ఈ ముసలామె చెప్పిందే నిజమేమో. తన బిడ్డ నిజంగానే ఈ గదిలోంచి వెళ్లిన నీళ్లకు... ఆమె ఫైలును బల్ల మీద పెట్టేసింది.

పెట్టిన విసురుకు చీటీలు విసనకర్రలా విచ్చుకున్నాయి. ముందు వారానిది .7. అంతకు ముందుది .7. ఆ చుక్కలన్నీ ఫైలు కన్నానికి ఆనుకుని, పడిపోతాయేమో అన్నట్టు దాని అంచునే ఉన్నాయి. ఒక చీటీలో సగం చుక్కే మిగిలింది.

ఆమె మళ్లీ మెత్తబడిన చీటీ తీసింది. ఏడుకు ఎడమ పక్కన, చుక్క ఉండాల్సిన చోట, గుండ్రంగా, శుభ్రంగా, దారం దూరేంత కన్నం ఉంది.

"అత్తయ్యా," అంది. "మీరు చీటీలు ముందు గుచ్చుతారా, ముందు చదువుతారా?"

"ముందు గుచ్చుతాను. లేకపోతే గాలికి ఎగిరిపోవూ? అన్నీ గుచ్చాక తీరిగ్గా..."

అత్తగారి చూపు ఆ కన్నం మీదికి వెళ్లింది.

"ఈ చీటీకి కార్బన్ కాపీ ఉండే పుస్తకం ఎక్కడ?"

"కెమిస్టుగారి సొరుగులో. ఆయన పోయాక ఎవరూ..."

సొరుగు బిగుసుకుపోయింది. నర్సు పాదం ఆనించి లాగింది. రబ్బరు బ్యాండ్లు అట్టకు కరిగి అతుక్కుపోయిన చీటీల పుస్తకం. పేజీలు ఒకదానికొకటి పట్టేసి ఉన్నాయి. పన్ను మీది గార గీకే ఒడుపుతో ఆమె గోరు దూర్చి ఒక్కో పేజీ విడదీసింది. అదే నంబరు. అదే తారీఖు. వెలిసిపోయిన ఊదారంగు అక్షరాలు.

.7

చుక్క ఉంది. చిన్నది, కానీ ఉంది. కెమిస్టుగారు పెన్ను నొక్కి పెట్టినట్టున్నాడు, వెనకవైపు వేలితో తడిమితే బొడిపెలా తగులుతోంది.

అత్తగారు దాన్ని కళ్లతో నమ్మలేదు. వేలితో తడిమింది. మళ్లీ తడిమింది. తర్వాత మెత్తబడిన చీటీ ఎత్తి ఆ కన్నంలోంచి కిటికీ వైపు చూసింది, గాజు గొట్టాలను చూసినట్టే, ఒక కన్ను మూసి.

"ఇందులోంచి పోయిందా?" అంది. "ఆ కన్నాల ముక్కలు ప్రతిసారీ నేనే ఊడ్చి పారేసేదాన్ని."

"అత్తయ్యా..."

"అయితే పాపాయిని నేను..."

"లేదు."

"పాలు..."

"పాలు మంచివే. నీళ్లు మంచివే. మీ చెయ్యి మంచిదే."

"ఇంకోసారి చెప్పవే."

నర్సు ఇంకోసారి చెప్పింది. ఆ మాట మొదటిసారి తను కూడా విన్నట్టుంది ఆమెకు. అత్తగారు స్టూలు మీద కూలబడింది. నోరు తెరుచుకుంది కానీ ఏడుపు రాలేదు. తొమ్మిదేళ్ల ఏడుపు దారి మరిచిపోయినట్టుంది. కోడలు ఆవిడ తలను తన పొట్టకు ఆనించుకుని నిలబడింది. ఇద్దరూ ఆ బిడ్డ కోసం ఇలా కలిసి నిలబడటం అదే మొదలు. పాపాయి పోయిన రోజున కూడా ఒకరు ఈ గదిలో, ఒకరు ఆ గదిలో ఏడ్చారు.

అలా ఎంతసేపో ఉండనివ్వచ్చు. కానీ అత్తగారే తలెత్తింది. ఆ చూపు చూసి నర్సు భయపడింది. ఆవిడ ఇంకో లెక్క మొదలుపెట్టింది.

"అంటే ఆపక్కర్లేదు," అంది అత్తగారు మెల్లగా. "అసలు ఆపాల్సిన పనే లేదు. మరి ఈ పిల్లల పళ్లు? మన బుజ్జిగాడి పన్ను?"

అబద్ధం చెప్పాలనిపించింది నర్సుకు. చాక్లెట్లు తింటారు, పళ్లు పుచ్చుతాయి, అంతే అని. నోట్లో కూడా మెదిలింది ఆ మాట. కానీ ఒక అబద్ధం ఈ గదిని ఏం చేసిందో ఎదురుగానే కనిపిస్తోంది.

"అన్నీ మీవల్ల కాదు," అంది. "చాలా వాటికి మాత్రం కారణం మీరే అత్తయ్యా."

అత్తగారు తలూపింది. "పళ్లు రాలగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. ఈ ఊరి పిల్లలకు ఆ రాయిని నేనే అయ్యాను." కళ్లజోడు తుడుచుకుంది. "నీ రిపోర్టు ఎన్నింటికివ్వాలి?"

"అయిదింటికి. కానీ ఇప్పుడు..."

"ఇప్పుడేంటి ఇప్పుడు? రాయి. పంపు పాడైందని రాయకు. ఆపిందెవరో రాయి."

"ఉద్యోగం పోతుంది. పెన్షన్ ఆపేస్తారు. కేసు కూడా పెట్టొచ్చు. శుక్రవారం దాకా ఆగితే..."

"రెండు రోజులు ఆగితే నేను బయటపడతాను. నా తర్వాత వచ్చేవాళ్లు ఈ రిజిస్టరు చూసి అంతా బాగానే ఉందనుకుంటారు. నేనే పంపు తిప్పేసి నోరు మూసుకోవచ్చనుకో. కానీ తొమ్మిదేళ్లు ఎండిన గొట్టం, అందులో నిజంగానే ఏడు పోతే?" ఆవిడ చేతులు ముడుచుకుంది. "పెద్దవాళ్లు వచ్చి, కొలిచి, తిప్పాలి. వాళ్లు రావాలంటే నువ్వు రాయాలి."

నర్సు చదువులో మొదటి వారమే మేట్రన్ బల్ల గుద్ది చెప్పింది, 'చుక్కను ఒంటరిగా వదలకండమ్మా, ముందు సున్నా పెట్టండి, లేకపోతే కొంపలు మునుగుతాయి' అని. అందరూ నవ్వారు. ఇదిగో, ఆ మునిగిన కొంప తనదే.

అత్తగారు రిజిస్టరు దగ్గరకు లాక్కుంది. పొద్దున రాసిన .7 మీద ఒక గీత గీసింది. పక్కన, ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి సున్నా పెట్టి, 0.2 అని రాసింది. సంతకం చేసింది. పెన్ను మూత పెట్టి, "తీసుకెళ్లు," అంది. "పాత పుస్తకాలు కూడా. నా రాత నీ రిపోర్టుకు సాక్ష్యం."

నాలుగు దాటింది. నర్సు బీరువాలోంచి పాత రిజిస్టర్లు తీసి దుమ్ము దులిపింది. ఏవి జతచేయాలో చూడ్డానికి ఒకదాన్ని మధ్యకు తెరిచింది. సోమవారం, అత్తగారి గుండ్రటి రాత. మంగళవారం. బుధవారం. వేలు వరుస వెంట కిందికి జారుతూ ఒక చోట ఆగింది.

"అత్తయ్యా, ఆదివారాలు మీరు డ్యూటీకి రారు కదా?"

"రాను. వారానికి అదొక్కటేగా సెలవు."

"మరి ఆదివారం వరుస ఎవరు రాస్తారు?"

"సోమవారం వచ్చేసరికి రాసే ఉంటుంది. ఒక్క అంకేగా, వాచ్‌మన్ పైవరుస చూసి గీసిపెడతాడేమో అనుకునేదాన్ని. నా రాతే దొంగరాత అయినప్పుడు ఇంకొకరి రాత ఎవరిదని ఎలా అడుగుతానే?"

వాచ్‌మన్. నాకు అక్షరం ముక్క రాదని తెలుసుగా అని ఇందాకే అన్నాడు.

నర్సు ఇంకో ఆదివారం చూసింది. ఇంకొకటి. వేరే ఏడాది పుస్తకం తీసింది, ఇంకో ఆదివారం. ఎక్కడ చూసినా .7 ఉంది. ఎక్కడా సంతకం లేదు. ఆ ఏడు మాత్రం అత్తగారిది కాదు. నిలువుగా, బిగుతుగా ఉంది, నడుం మీద అడ్డంగా ఒక చిన్న గీత ఉంది.

ఆ గీత తను ఎక్కడో చూసింది.

సంచిలోంచి మూడో కాగితం తీసింది. అనుమతి ఫారం. పొద్దున భర్త నింపింది. పిల్లవాడి తరగతి. పిల్లవాడి వయసు. బుజ్జిగాడికి ఏడేళ్లు. ఆ ఏడు నడుం మీద అడ్డంగా ఒక చిన్న గీత.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. అత్తగారు కళ్లజోడు సర్దుకుని వంగి చూసి, కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ఉన్నది కోపమో భయమో తెలియలేదు.

"వీడికి నేను చెప్పలేదే," అంది. "ఒట్టు. పాపాయి మీద ఒట్టు, నేను చెప్పలేదు."

మలుపులో చెప్పుల చప్పుడైంది. పైపుల మేస్త్రి పనిముట్ల సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతని చూపు ముందు తల్లి మీదికి వెళ్లింది. తర్వాత సాలెగూడున్న తొట్టి మీదికి. చివరికి భార్య వేలి కింద ఉన్న వరుస మీద ఆగింది.

సంచి నెమ్మదిగా కింద పెట్టి, వెనక్కి చూడకుండానే తలుపు గడియ వేశాడు.

"ఆదివారం దాకా వచ్చేశావా?" అన్నాడు.